చదివితే అరగదు, దాచితే చస్తుంది!

మీకు తెలుసా? ఈ-రీడర్ తెర మీద ఒకసారి పడిన బొమ్మ అలాగే నిలబడి ఉండడానికి తాగే కరెంటు... సున్నా! గంట కాదు, నెల్లాళ్లు వదిలేయండి, అక్షరం చెదరదు. ఖర్చంతా పేజీ తిప్పే ఆ క్షణంలోనే. ఎంతసేపు చూసినా ఉచితం, కదిపితేనే బిల్లు!

ఇంకా చిత్రం వినండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయినా బొమ్మ పోదు. అందుకే ‘ఛార్జింగ్ పెట్టండి’ అనే బొమ్మను అమెజాన్ వారి ఈ-రీడర్ కిండిల్ ఒంట్లో కాస్త ఓపిక ఉండగానే గీసిపెట్టుకుని పడుకుంటుంది. వీలునామా రాసి మరీ కన్నుమూసే యంత్రం!

ఆ తెరలో ఏముందో తెలుసా? లక్షలాది బుల్లి గుళికలు. ఒక్కోటి ఇంచుమించు మన తలవెంట్రుకంత మందం. ప్రతి గుళికలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు, వాటికి ఒకదానికొకటి వ్యతిరేకమైన విద్యుదావేశాలు. కరెంటు ఇటు తగిలితే తెల్లవి పైకి, అటు తగిలితే నల్లవి పైకి. ‘అ’ నుంచి ‘ఱ’ దాకా అన్నీ ఈ తోపులాటలోంచి పుట్టినవే!

దీన్ని కనిపెట్టింది ఎవరనుకున్నారు? అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్ ప్రొఫెసర్ జోసెఫ్ జేకబ్‌సన్, ఆయనతో పాటు ఇద్దరు కుర్రాళ్లు, జె.డి. ఆల్బర్ట్, బారెట్ కోమిస్కీ. ఆ ఇద్దరూ అప్పటికింకా డిగ్రీ చదువుతున్న విద్యార్థులే! 1997లో ఈ-ఇంక్ కంపెనీ కూడా పెట్టేశారు. ఆ వయసులో మనం ఏం చేస్తున్నామో... సరే, ఆ మాట వద్దులెండి.

ఈ-ఇంక్ తెరతో అంగడికొచ్చిన మొదటి రీడర్ ఏది? చెప్పుకోండి చూద్దాం! కిండిల్ అన్నారా? మార్కు పోయింది. సోనీ లిబ్రియే, 2004, జపాన్. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లు నాలుగు వేస్తే దాదాపు 10,000 పేజీలు తిప్పేది. కాకపోతే దాని పుస్తకాలు 60 రోజులకు వాటంతటవే తెరుచుకోవడం మానేసేవి. సెల్లు మిగిలేవి, కథ మిగిలేది కాదు!

అప్పట్లో బ్యాటరీ బలాన్ని పేజీల్లో చెప్పేవారు. ఇప్పుడు వారాల్లో చెబుతున్నారు. తిరకాసంతా అక్కడే ఉంది. 2024 కిండిల్ పేపర్‌వైట్ ఒక్క ఛార్జింగ్‌తో 12 వారాల దాకా వస్తుందని ప్రకటన. కింద చిన్న అక్షరాలు చదివారా? రోజుకు అరగంట చదవాలి, వైర్‌లెస్ కట్టేయాలి, లైటు 13వ మెట్టు మీద ఉంచాలి. ఇప్పుడు గుణించండి. 84 రోజులు, రోజుకు అరగంట. మొత్తం 42 గంటలు. 12 వారాలు కాస్తా రెండు రోజులు కూడా నిండలేదు!

ఈ వారాల పోటీ ఎక్కడ ముదిరిందో మీకు తెలుసా? 2011 మే నెలలో. అమెరికా పుస్తకాల వ్యాపార సంస్థ బార్న్స్ అండ్ నోబుల్ తన కొత్త ఈ-రీడర్ నూక్‌కు ‘ఒక్క ఛార్జింగ్, రెండు నెలలు’ అంది. అప్పటికి కిండిల్ చెప్పుకుంటున్నది ఒక నెలే. అయితే నూక్ లెక్క రోజుకు అరగంట చదువు, కిండిల్ లెక్క రోజుకు గంట. అమెజాన్ ఏం చేసింది? కొత్త బ్యాటరీ వేయలేదు. గంటను అరగంట చేసి, నెలను రెండు నెలలు చేసేసింది! లోపల ఒక్క తీగ మారకుండా ఆయుష్షు రెట్టింపు. ఈ కిటుకు మనుషులకు కూడా పనిచేస్తే ఎంత బాగుండును!

దానికి నూక్ వాళ్లు ఊరుకున్నారా? నిమిషానికొక పేజీ చొప్పున తిప్పితే తమది 150 గంటలు దాటుతుందని, ఆగకుండా తిప్పుకుంటూ పోతే 25,000 పేజీలు వస్తాయని ఎదురు లెక్క చెప్పారు. అన్ని పేజీలు చదవాల్సిన పాఠకుణ్ని మాత్రం ఎవరూ అడగలేదు.

మీ ఫోన్ బ్యాటరీ ఎంత? 5,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) ఉంటుందేమో. అయినా సాయంత్రానికి సొమ్మసిల్లుతుంది. 2011లో వచ్చిన నాలుగో తరం కిండిల్ బ్యాటరీ ఎంతో తెలుసా? 890! దాంతోనే వారాలు నెట్టుకొచ్చింది.

అంతకన్నా బుల్లిది ఉందంటే నమ్ముతారా? 2016 కిండిల్ ఒయాసిస్. అందులో ఉన్నది 245 ఎంఏహెచ్. ఫోన్ బ్యాటరీలో ఇరవయ్యో వంతు! మరి కంపెనీ తొమ్మిది వారాలని ఎలా చెప్పింది? 1,290 ఎంఏహెచ్ ఉన్న ఇంకో బ్యాటరీని పైన తొడిగే తోలు కవర్‌లో దాచింది. కవర్ పోగొట్టుకున్నవాడి సంగతి మీరే ఊహించుకోండి.

ఇప్పుడు కరెంటు బిల్లు ప్రశ్న. 1,500 ఎంఏహెచ్ ఉన్న ఈ-రీడర్‌లో పట్టేది సుమారు 5.5 వాట్ అవర్లు. ఒక యూనిట్ అంటే 1,000 వాట్ అవర్లు. ఛార్జర్లో వేడిగా పోయేది తీసేసినా ఒక్క యూనిట్‌తో 120 సార్లకు పైగా ఫుల్ ఛార్జ్ చేయొచ్చు. నెలకొకసారి ఛార్జింగ్ పెట్టేవారికి పదేళ్లు! పదేళ్ల చదువుకు ఒకే ఒక్క యూనిట్. అదే ఒక ఛార్జికి పట్టే కరెంటును, ఛార్జర్లో పోయేదాంతో సహా, పాతకాలపు 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్‌కిస్తే ఆరు నిమిషాలు తిప్పి చేతులెత్తేస్తుంది.

అంత బ్యాటరీలో లిథియం ఎంత ఉంటుందో మీకు తెలుసా? ఒక ఆంపియర్ అవర్‌కు 0.3 గ్రాముల లెక్క. అంటే 1,500 ఎంఏహెచ్‌కు అర గ్రాము కూడా లేదు. తూచాలంటే కంసాలి దగ్గరికి వెళ్లాల్సిందే!

ఇక అసలు ప్రశ్నకు వద్దాం, కాస్త కుర్చీ దగ్గరకు లాక్కోండి. లిథియం అయాన్ బ్యాటరీకి సాధారణంగా 300 నుంచి 500 సైకిళ్ల, అంటే పూర్తి ఛార్జింగుల, ఆయుష్షు చెబుతారు. ఈ-రీడర్‌కు నెలకొక సైకిల్. 500 సైకిళ్లు అంటే 41 ఏళ్లు దాటాలి! ఇవాళ కొన్న కిండిల్‌ను మనవడికి పెళ్లి కానుకగా ఇవ్వాలి. మరి నాలుగైదేళ్లకే ఎందుకు డీలాపడుతోంది? చంపుతున్నదెవరు?

చదువు కాదు! మీరు పేజీలు తిప్పినందుకు అది చావడం లేదు. తిప్పకుండా సొరుగులో పడేసినందుకు చస్తోంది. ఫుల్ ఛార్జ్‌తో వేడిలో కూర్చోబెట్టడం ఒక హత్య, సున్నాకొచ్చాక అటక మీద మరిచిపోవడం ఇంకో హత్య. ఇంట్లో పుస్తకప్రియుడు నిర్దోషి అని తేలింది, చప్పట్లు!

సైకిల్ అంటే ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ఒకటి అనుకుంటున్నారా? కానే కాదు. ఇవాళ 30 శాతం, వారం పోయాక 30 శాతం, ఆ తర్వాత 40 శాతం ఎక్కిస్తే మూడూ కలిపి ఒక్క సైకిలే. ప్లగ్గులో పెట్టినన్ని సార్లు లెక్కరాసుకుని బాధపడేవాళ్లు ఇకపై హాయిగా నిద్రపోవచ్చు.

ఊరికే కూర్చున్నా బ్యాటరీ ముసలిదవుతుందని మీకు తెలుసా? 25 డిగ్రీల వేడిలో ఏడాది పాటు వాడకుండా పెడితే, 40 శాతం ఛార్జ్‌తో పెట్టిన బ్యాటరీ తన బలంలో సుమారు 96 శాతం నిలుపుకుంటుంది. నిండా ఛార్జ్ చేసి పెట్టింది 80కి దిగుతుంది. రెండూ చేసిన పని ఒకటే, ఏమీ చేయకపోవడం! కడుపు నిండా ఉన్నదే ముందు కుంగింది.

ఇప్పుడు వేడి 40 డిగ్రీలకు పెంచండి. 40 శాతం ఛార్జ్‌తో ఉన్నది 85కి, నిండుగా ఉన్నది 65కి పడిపోతాయి. ఒక్క ఏడాదిలో మూడో వంతు హుష్‌కాకి! మన రెంటచింతలలో, రామగుండంలో 40 డిగ్రీలంటే వేసవిలో ‘ఇవాళ కాస్త చల్లగా ఉంది’ అనే రోజు.

మరి సున్నా డిగ్రీల దగ్గర? 40 శాతం ఛార్జ్‌కు 98, నిండు ఛార్జ్‌కు 94. చలి బ్యాటరీకి అంత మేలు. అలాగని కిండిల్‌ను ఫ్రిజ్‌లో పచ్చడి జాడీ పక్కన పెట్టకండి, బయటకు తీయగానే తేమ పట్టి అసలుకే ఎసరొస్తుంది.

బ్యాటరీల కోసం ఒక పత్రికను ఫ్రిజ్ లారీల్లో తరలించారని మీకు తెలుసా? ఒట్టు! 2008 అక్టోబరు సంచికలో అమెరికా పత్రిక ‘ఎస్క్వైర్’ తన 75వ వార్షికోత్సవానికి ముఖచిత్రంలో కదిలే ఈ-ఇంక్ తెర పెట్టింది. లక్ష ప్రతులు. ఒక్కోదానికి బుల్లి బ్యాటరీ, ఆయుష్షు 90 రోజులు. మెక్సికోలో చేత్తో అమర్చి, దారిలో బ్యాటరీ నీరసించకుండా చల్లని లారీల్లో పంపారు. చేపలకూ ఐస్‌క్రీముకూ దక్కే మర్యాద ఒక పత్రికకు దక్కింది!

కిండిల్ ఎంత వేడి దాకా వాడొచ్చో దాని కాగితాల్లో చదివారా? 0 నుంచి 35 డిగ్రీలు. ఆ లెక్కన మే నెలలో మన ఊళ్లలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుకోవాలి. పరీక్షలప్పుడు మన నాన్నలు చెప్పిందీ అదే!

ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఈ-రీడర్ పెట్టి షాపింగ్‌కు వెళ్లే అలవాటుందా? బయట 40 ఉంటే అద్దాలు మూసిన కారు లోపల 60 దాటడం పెద్ద విషయం కాదు. 60 డిగ్రీల్లో నిండు ఛార్జ్‌తో మూడు నెలలుంటే బ్యాటరీ బలం 60 శాతానికి దిగుతుంది. తెర చూడ్డానికి బాగానే ఉంటుంది, ప్రాణం మాత్రం లోపల్లోపలే వేగిపోతూ ఉంటుంది.

చలిదేశంలో ఉన్న మనవాళ్లకు ఒక ప్రశ్న. టొరంటోలోనో మినియాపోలిస్‌లోనో రాత్రంతా కారులో వదిలేసిన కిండిల్‌ను తెచ్చి వెంటనే ఛార్జింగ్ పెడుతున్నారా? ఆగండాగండి! గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లిథియం చేరాల్సిన చోటికి చేరకుండా లోహపు పూతలా పైపైన పేరుకుపోతుంది. ఆ నష్టం తిరిగి రాదు. ముందు గది వేడికి రానివ్వండి. చలిలో చదువుకోవచ్చు, తినిపించడమే వద్దు.

‘కొత్తది కదా సార్, మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టండి.’ షాపులో ఈ మాట విననివారు చేతులెత్తండి! ఒక్క చెయ్యీ లేవలేదు కదూ. అది నికెల్ బ్యాటరీల నాటి సలహా. ఆ బ్యాటరీలు ఫోన్ల నుంచి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది, సలహా మాత్రం ఇంకా కౌంటర్ వెనకాలే నిలబడి ఉంది.

‘పూర్తిగా సున్నాకు వచ్చాకే పెట్టాలి’ అన్నది ఇంకో పాత పాట. నికెల్ కాడ్మియం బ్యాటరీకి మెమరీ ఎఫెక్ట్ ఉండేది. సగంలో ఆపి సగంలో ఎక్కిస్తుంటే అది ఆ సగాన్నే తన హద్దు అనుకునేది. లిథియం అయాన్‌కు పట్టించుకోవాల్సినంత మెమరీ లేదు. మతిమరుపే దాని వరం!

మరో వింత చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండాలంటుంది, ఖాళీగా వదిలేస్తే లోపల సల్ఫేట్ పేరుకుని పాడవుతుంది. నికెల్ కాడ్మియం అప్పుడప్పుడూ పూర్తిగా ఖాళీ చేయమంటుంది. లిథియం రెండూ వద్దు, మధ్యలో ఉంచమంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి పెంచిన మామయ్య సలహా కిండిల్‌కు వాడితే ఏమవుతుందో ఇప్పుడు అర్థమైందా? మామయ్య తప్పు చెప్పలేదు, బ్యాటరీ మారింది, అంతే!

ఆ లెడ్ యాసిడ్ బ్యాటరీ వయసు తెలుసా? 1859లో గాస్తోన్ ప్లాంతే అనే ఫ్రెంచివాడు చేశాడు. ప్రపంచంలో మళ్లీ మళ్లీ ఛార్జ్ చేయగలిగిన మొట్టమొదటి బ్యాటరీ అదే. మరి దాన్ని దేనితో ఛార్జ్ చేశారు? ఇంకో బ్యాటరీతో! అప్పటికి గోడకు ప్లగ్గు ఎక్కడిది?

నిండు ఛార్జ్‌లో బ్యాటరీ 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. అక్కడ కేవలం 0.1 వోల్టు తగ్గించి 4.1 దగ్గర ఆపేస్తే సైకిళ్ల ఆయుష్షు దాదాపు రెట్టింపు! ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు వచ్చింది ఇందుకే. మీ ఈ-రీడర్‌లో ఆ సెట్టింగు లేకపోతే బెంగ లేదు, ప్లగ్గు పీకడానికి మీ చెయ్యి ఉంది.

100 చూడకపోతే నిద్ర పట్టదంటారా? అయితే ప్రయాణానికి ముందు రోజు 100 చేసుకోండి, తప్పేం లేదు. వెంటనే వాడేస్తే నిండుదనం చేటు చేయదు. 100తో వారాల తరబడి కవర్‌లో పడి ఉండడమే చేటు. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ 30కి, 80కి మధ్య తిరుగుతుంటే చాలు. మార్కుల జాబితాలో 80 అంటే మన ఇళ్లలో మొహాలు మాడతాయి కానీ, బ్యాటరీకి అది డిస్టింక్షనే!

కొత్త ఈ-రీడర్ పెట్టె విప్పగానే బ్యాటరీ సగమే ఉంటుంది, గమనించారా? ‘ఎవరో వాడేసి అంటగట్టారు’ అని దుకాణదారు మీదికి వెళ్లకండి. గోదాములో నెలల తరబడి ఉన్నా పాడవకుండా సగం నింపి పంపుతారు. విమానంలో సరుకుగా పంపే విడి లిథియం అయాన్ బ్యాటరీలకైతే 2016 ఏప్రిల్ నుంచి నిబంధనే ఉంది, 30 శాతం మించకూడదు. నిండు బ్యాటరీకి మంట ఎక్కువ మరి!

ఇక రెండో హత్య. సున్నా చూపించిన ఈ-రీడర్‌ను ఆర్నెల్లు అలాగే వదిలేస్తే ఏమవుతుందో తెలుసా? ఆ సున్నా నిజం సున్నా కాదు, లోపల కాస్త దాచిపెడుతుంది. ఆ దాచిందీ మెల్లగా కారిపోతుంది. వోల్టేజీ బాగా కిందికి జారితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. రక్షణ సర్క్యూట్ అప్పుడు గేటు మూసేస్తుంది. కేబుల్ గుచ్చినా, బతిమాలినా తెరవదు. మొండితనం కాదు, మీ ఇల్లు కాలకుండా కాపలా!

అలాంటి కిండిల్‌ను లేపడానికి ఓ చివరి ప్రయత్నం ఉంది. కొన్ని గంటలు ఛార్జింగ్‌లో ఉంచి, పవర్ బటన్‌ను 40 సెకన్లు గట్టిగా నొక్కిపట్టాలి. 40 సెకన్లేగా అనుకుంటున్నారా? వేలు నొక్కి పెట్టి చూడండి, అందులో ఎన్ని యుగాలున్నాయో తెలుస్తుంది.

తెర మీద కనిపించే శాతం ఒక అంచనా మాత్రమేనని మీకు తెలుసా? బ్యాటరీలోకి తొంగిచూసి చెప్పే కన్ను ఏదీ లేదు. వోల్టేజీ, వెళ్లిన కరెంటు, వచ్చిన కరెంటు చూసి ఒక చిప్ లెక్కగట్టి చెబుతుంది. ఒక్కోసారి 8 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోవడం ఆ జ్యోతిషం తప్పడమే. ఎప్పుడన్నా ఒకసారి కిందిదాకా వాడి పూర్తిగా ఎక్కిస్తే లెక్క సర్దుకుంటుంది. బాగుపడేది జ్యోతిషమే, బ్యాటరీ కాదు!

డార్క్ మోడ్ పెడితే బ్యాటరీ కలిసొస్తుందా? ఓఎల్ఈడీ ఫోన్‌లో అవును. ఈ-ఇంక్‌లో? ఏమాత్రం కలిసిరాదు! తెల్లగా నిలబడ్డానికీ నల్లగా నిలబడ్డానికీ రెంటికీ ఖర్చు సున్నానే. ఇక్కడ నలుపు ఒట్టి షోకు.

మరి బ్యాటరీని తాగేది ఏది? మొదటి దొంగ లైటు. ఈ-రీడర్ లైటు ఫోన్‌లోలా వెనక నుంచి కాదు, అంచుల్లోంచి తెర ముఖం మీద పడుతుంది. ట్యూబ్‌లైటు కింద కూర్చుని దాన్ని సున్నా చేసి చూడండి. కాగితం పుస్తకానికి లైటుందా ఏమన్నా?

రెండో దొంగ వైఫై. సిగ్నల్ అందని మూల గదిలో ఉంటే అది వెతికి వెతికి అలసిపోతుంది. పుస్తకం దింపుకున్నాక ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేయండి. టికెట్ లేకుండా విమానం ఎక్కే సౌకర్యం ఇదొక్కటే!

మూడో దొంగను పట్టుకోవడం కష్టం. కొత్త రీడర్ కొన్న ఉత్సాహంలో ఒకేసారి మూడొందల పుస్తకాలు కుమ్మరించారనుకోండి. వెతుకులాటకు పనికొచ్చేలా లోపలి సాఫ్ట్‌వేర్ ప్రతి పుస్తకంలో ప్రతి మాటకూ సూచిక తయారుచేస్తుంది. పైకి నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది, లోపల రాత్రంతా గుమాస్తాగిరీ! తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. ‘కొత్తదే, నాసిరకం’ అని తిట్టకండి, ఛార్జర్‌కు తగిలించి పని పూర్తి కానివ్వండి. పాడైన ఫైలు ఒక్కటి ఇరుక్కుంటే మాత్రం ఆ ఒక్కదాని దగ్గరే పదే పదే తల బాదుకుంటుంది. దాన్ని తీసేస్తే చాలు.

తెలుగు పాఠకుడి బ్యాటరీ ఇంగ్లీషు పాఠకుడిదానికంటే ముందు అయిపోవచ్చని మీకు తెలుసా? భాష తప్పు కాదు, పీడీఎఫ్ తప్పు! 2016 డిసెంబరులో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు తలుపు తీసింది. ఆ ఐదింటిలో మనం లేం. దాంతో చాలామందికి స్కాన్ చేసిన పాత పుస్తకాలే దిక్కు. ఆరంగుళాల తెర మీద పేజీ పట్టదు, పెద్దది చేయాలి, కుడికి జరపాలి, ఎడమకు జరపాలి, ఫుట్‌నోట్ కోసం కిందికి దిగాలి, మళ్లీ పైకెక్కాలి. ప్రతి జరుపుడుకూ తెర మొత్తం మళ్లీ గీసుకోవాలి. ఒక్క పేజీ చదివేలోపు అరడజను పేజీల కరెంటు గోవిందా!

ఇందుకో చిన్న చిట్కా. ముందే కంప్యూటర్‌లో ఆ పీడీఎఫ్ అంచుల్లోని తెల్ల జాగా కత్తిరించేయండి, రీడర్‌ను అడ్డంగా తిప్పి చదవండి. జరుపుడు తగ్గుతుంది, బ్యాటరీ మిగులుతుంది, మెడ కూడా మిగులుతుంది.

అక్షరం సైజు పెంచినా ఇదే కథ. పేజీకి పట్టే మాటలు తగ్గి, తిప్పుడు పెరుగుతుంది. పైగా ప్రతి పేజీకీ తెర నల్లగా మెరిసి కడుక్కునే సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూసుకోండి. అయితే కళ్లజోడు బ్యాటరీ కంటే ఖరీదు కాబట్టి, అక్షరం మాత్రం మీ కంటికి తగ్గట్టే ఉంచుకోండి.

రంగుల ఈ-రీడర్ మీద మనసైందా? 2024 పేపర్‌వైట్‌కు 12 వారాలంటే, అదే ఏడాది వచ్చిన రంగుల కలర్‌సాఫ్ట్‌కు 8 వారాలే అన్నారు. నాలుగు వారాలు రంగుకు పోయాయి!

65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే పాపం బుల్లి రీడర్ పేలిపోతుందా? పోదు. ఛార్జర్ కరెంటును బలవంతంగా తోయదు, రీడర్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. విస్తరి పెద్దదని ఎవరూ పది లడ్లు తినరు కదా... తినేవాళ్లున్నారా? సరే, రీడర్ తినదు.

ఈ లిథియం బ్యాటరీకి ప్రాణం పోసినవారికి నోబెల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2019లో. జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో. అప్పటికి గుడ్‌ఇనఫ్ వయసు 97! నోబెల్ చరిత్రలో అంత పెద్ద వయసులో అందుకున్నవారు ఇంకొకరు లేరు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన కనిపెట్టిన కోబాల్ట్ ఆక్సైడ్ పదార్థంతోనే 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. పేటెంట్ తీసుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ ఆసక్తి చూపలేదు, ఆయన హక్కులు వదిలేసుకున్నారు. కోట్లాది ఫోన్లు, రీడర్లు నడుస్తున్నాయి, ఆయనకు రాయల్టీగా వచ్చింది గుండుసున్నా!

ఆయన తరఫున స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది ఎవరో తెలుసా? మన పొరుగు తమిళనాడులో పుట్టిన ఆరుముగం మంతిరం! గుడ్‌ఇనఫ్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన శాస్త్రవేత్త. నోబెల్ ఒకరిది, గొంతు ఇంకొకరిది.

యోషినో తన బ్యాటరీ భద్రమైనదో కాదో ఎలా తేల్చారో చెప్పుకోండి! పెద్ద ఇనుప ముద్ద దాని మీద పడేశారు. ఏమీ కాలేదు. శుద్ధ లిథియం లోహం ఉన్న బ్యాటరీ మీద అదే ముద్ద పడేశారు. ఢాం! నోబెల్ స్థాయి పరీక్ష అంటే ఏదో అనుకున్నాం, తీరా చూస్తే మన వీధి పిల్లలు కూడా చేయగలిగిందే.

మీరు మాత్రం ఇంట్లో చేయకండి. ఈ-రీడర్ వీపు ఉబ్బినట్టు, తెర అంచులు లేచినట్టు కనిపిస్తే లోపల గ్యాసు చేరిందని అర్థం. పిన్నీసుతో పొడిచి గాలి తీద్దామనుకునే వీరులున్నారు. అది పంక్చర్ కాదు, చితి! ఛార్జింగ్ ఆపి, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించేయండి.

రెండు లక్షల సార్లు ఛార్జ్ చేసినా అరగని వస్తువు ఉందంటే నమ్ముతారా? 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ శాఖలో మ్యా లే థాయ్ అనే పరిశోధక విద్యార్థిని బంగారు నానో తీగలకు జెల్ పూసి పరీక్షించింది. మూడు నెలల్లో 2,00,000 సైకిళ్లు, బలం దాదాపు తగ్గనే లేదు. దాన్ని కిండిల్‌లో పెట్టి నెలకొకసారి ఛార్జ్ చేస్తే? 16,666 ఏళ్లు! చదవాల్సిన పుస్తకాల జాబితా ఎంత పొడుగున్నా అప్పటికి తరిగిపోతుంది. అబ్బే, కష్టమేలెండి.

అన్నిటికన్నా మొండి బ్యాటరీ ఎక్కడుందో మీకు తెలుసా? మళ్లీ ఆక్స్‌ఫర్డే! క్లారెండన్ ప్రయోగశాలలో ఒక విద్యుత్ గంట 1840 నుంచి మోగుతూనే ఉంది. ఇప్పటికి వెయ్యి కోట్ల సార్లకు పైగా కొట్టుకుందని అంచనా. ఒక్కసారి కూడా ఛార్జ్ చేయలేదు. ఆ బ్యాటరీలో ఖచ్చితంగా ఏముందో ఎవరికీ తెలియదు, విప్పిచూస్తే ప్రయోగం ఆగిపోతుంది! రెండు పొరల గాజు లోపల ఉంది కాబట్టి మోత బయటికి వినబడదు కూడా. దాదాపు రెండు శతాబ్దాలుగా మోగుతున్నా ఒక్క పొరుగువాడూ ఫిర్యాదు చేయని గంట!

ఇంత సాగదీసినా ఏదో ఒకనాటికి మీ రీడర్ బ్యాటరీ పోతుంది. మార్చుకోవడం సులువేనా? 2024లో ఈ-రీడర్ల కంపెనీ కోబో తన కొన్ని కొత్త రీడర్లకు మరమ్మతుల సంస్థ ఐఫిక్సిట్‌తో కలిసి విడిభాగాలు, విప్పే పద్ధతి అందుబాటులోకి తెస్తామంది. మిగతావాటిలో చాలా వాటికి జిగురుతో, చిన్న స్క్రూలతో, బోలెడంత ధైర్యంతో పని.

యూరప్‌లో అయితే 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు పోగా, వాడేవాళ్లే తీసి మార్చుకోగలిగేలా తయారుచేయాలని చట్టం. ఎంత ఆధునికం అనుకుంటున్నారా? 2007 నవంబరు 19న వచ్చి అయిదున్నర గంటల్లో అమ్ముడైపోయిన మొట్టమొదటి కిండిల్ గుర్తుందా? దాని వెనక మూత వేలితో జరిపితే ఊడొచ్చేది, బ్యాటరీ తీసి ఇంకోటి వేసుకునేవాళ్లం. ఉన్న మూతను తీసేసి, మళ్లీ పెట్టించడానికి చట్టసభలకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది!